దేశదేశాల కబుర్లు: కావడి మీద వచ్చిన అన్నం



ఈ నెల మనం మలేసియా దేశం పోయివద్దాం. టిక్కెట్టు కొననక్కర లేదు, పెట్టె సర్దనక్కర లేదు. కాస్త ఆకలి మాత్రం వెంట ఉంచుకోండి.

పరాయిదేశం పోయినవాళ్ళు సాధారణంగా ఏం చూసివస్తారు? కోటలూ, మేడలూ, తోటలూ చూసివస్తారు. మలేసియా రాజధాని కౌలాలంపూరులో 452 మీటర్ల ఎత్తున్న జంట గోపురాలున్నాయి. అవి చూడదగినవే, కాదనను. కాని ఆ దేశం ఎంత ఎదిగిందో అవి చెబుతాయి గాని, ఎవరి రెక్కల కష్టం మీద ఎదిగిందో చెప్పవు. ఆ సంగతి తెలియాలంటే వీధిపక్క చవక హోటలులో కూర్చోవాలి. అక్కడ మన పళ్ళెంలోకి వచ్చే వంటకాలలో చాలా భాగం ఎవరో ఒక కష్టజీవి ఆకలి తీర్చటానికి పుట్టినవే.

ముందు పటం తీయండి. విశాఖపట్నం మీద వేలు పెట్టి, బంగాళాఖాతం మీదుగా ఆగ్నేయ దిక్కుకు జరపండి. అండమాను, నికోబారు దీవులు దాటిన తరవాత సన్నగా, పొడుగ్గా ఒక ద్వీపకల్పం కనిపిస్తుంది. దాని పడమటి ఒడ్డున ఒక చిన్న దీవి ఉన్నది. అదే పెనాంగ్. అందులో ముఖ్యపట్నం జార్జిటౌన్.

1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషువాడు ఈస్టిండియా కంపెనీ తరఫున అక్కడ ఒక రేవు నెలకొల్పాడు. సరుకుమీద సుంకం లేదన్నాడు. ఇంకేం! చీనానుంచీ, సుమత్రానుంచీ, మన దేశపు తూర్పుతీరంనుంచీ ఓడలు వచ్చాయి. ఓడలతో వర్తకులు వచ్చారు, వర్తకుల వెనక మూటలు మోసే కూలీలు వచ్చారు, కూలీల వెనక వాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళు వచ్చారు. 2008లో యునెస్కో ఈ జార్జిటౌన్‌నూ, దక్షిణాన ఉన్న మలక్కా పట్నాన్నీ కలిపి ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది. మనం ఒక రోజల్లా ఈ ఊళ్ళోనే తిరుగుదాం.

అక్కడ తెలిసినవారు ఎదురుపడితే “సుదా మకాన్?” అని పలకరిస్తారు. ‘భోజనం అయిందా?’ అని దాని అర్థం. చూశారా, అచ్చం మన పల్లెటూరి పలకరింపే!

పొద్దున్నే పొట్లం

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అయినా వీధి మలుపులో ఒకామె చిన్న బల్ల వేసుకుని కూర్చున్నది. బల్ల మీద అరిటాకు పొట్లాలు గోపురాల్లాగా పేర్చి ఉన్నాయి. ఒకటి విప్పుదాం.

లోపల కొబ్బరిపాలలో వండిన అన్నం. దాని మీద ఎర్రటి మిరపకాయ ముద్ద, కరకరలాడే నెత్తళ్ళు, వేయించిన వేరుసెనగలు, రెండు కీరదోస ముక్కలు, ఉడికిన కోడిగుడ్డులో ఒక ముక్క. దీని పేరు నాసి లెమక్. మలయా భాషలో ‘నాసి’ అంటే అన్నం, ‘లెమక్’ అంటే కొవ్వు, కమ్మదనం. ఇది మలయా ప్రజల సొంత వంట. పొలానికో, చేపలవేటకో పోయేవాడు పొద్దున్నే ఈ పొట్లం తింటే మధ్యాహ్నందాకా ఆకలి అనడు. అన్నం, కొబ్బరి, చేప, గింజ, గుడ్డు, మనిషి ఒంటికి కావలసినవన్నీ గుప్పెడు ఆకులో ఇమిడి ఉన్నాయి మరి!

పొట్లం విప్పగానే ఒక చక్కని వాసన వస్తుంది. అది పందాన్ అనే ఆకుది. ఆ ఆకును ముడివేసి అన్నంతోపాటు ఉడికిస్తారు. పందాన్ మొక్క మన మొగలిపొదకు దగ్గర చుట్టం. దానిలో 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థం ఉన్నది. పేరు నోరు తిరగకపోయినా దాని వాసన మీకు తెలిసినదే! బాస్మతి బియ్యం ఉడికేటప్పుడు ఇల్లంతా వ్యాపించే వాసనకు కారణం కూడా అదే.

మిరపకాయ ముద్దను సంబల్ అంటారు. ఆ మిరపకాయ మలయాది కాదు, మనదీ కాదు. అది అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారు సముద్రాలు దాటి మన గోవాకు వచ్చారు, 1511లో మలక్కాను పట్టుకున్నారు. వారి ఓడల వర్తకం మూలంగానే మిరప ఈ దేశాలకు వచ్చింది. మన ఆవకాయకూ, వాళ్ళ సంబల్‌కూ ఘాటు ఒకే దారిన వచ్చిందన్నమాట.

మామ కొట్టు

నాలుగు అడుగులు వేస్తే ‘మామక్’ కొట్టు వస్తుంది. తమిళదేశంనుంచి వచ్చిన ముస్లిములు నడిపే హోటళ్ళకు ఆ పేరు. ఈ మాట ‘మామా’ అన్న పిలుపునుంచే పుట్టింది. కొత్తచోట అన్నం పెట్టినవాణ్ణి మామా అని పిలవటం మనకూ అలవాటే గదా! చాలా మామక్ కొట్లు రాత్రింబగళ్ళు తెరిచే ఉంటాయి.

పెనం దగ్గర నిలబడినవాడి చేతులు చూడండి. నూనెలో నానిన మైదాపిండి ఉండను తీసుకుని బల్ల మీద అదిమాడు. అంచు పట్టుకుని గాలిలోకి విసిరాడు, బల్లకేసి కొట్టాడు. ఒకటి, రెండు, మూడు విసుర్లకు ఆ ఉండ పల్చని గుడ్డలాగా సాగిపోయింది. దాన్ని మడతలు పెట్టి పెనం మీద కాల్చి, రెండు చేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు నొక్కాడు. పొరలన్నీ విడిపోయాయి. ఇదే రోతీ చనాయ్. పప్పుపులుసుతోనో, చేపల పులుసుతోనో తింటారు.

పిండి చిరగకుండా అంత పల్చగా ఎలా సాగింది? మైదాలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉన్నది. నీరు తగిలి పిసికేసరికి అది రబ్బరు వలలాగా అల్లుకుంటుంది. వెంటనే సాగదీస్తే ముడుచుకుపోతుంది. కొన్ని గంటలు నాననిస్తే ఆ వల బిగువు సడలి, చెప్పినట్టు సాగుతుంది. మడతల మధ్య ఉన్న నూనె ఒక పొరను మరొక పొరతో అంటుకోనివ్వదు. పిండిలోని నీరు పెనం వేడికి ఆవిరై పొరలను పైకి లేపుతుంది. మన తాపేశ్వరం మడతకాజాలో పొరలు విడివిడిగా ఉండటంలోని కిటుకు కూడా ఇటువంటిదే.

గుడ్డు వేసినది రోతీ తెలుర్, ఉల్లిపాయ వేసినది రోతీ బవాంగ్. ఏమీ వెయ్యనిది రోతీ కోసోంగ్. ‘కోసోంగ్’ అంటే ఖాళీ, సున్న. అన్నిటికన్న చవక అదే. పిల్లలు ఎగబడేది మాత్రం రోతీ తిసు కోసం. అది కాగితమంత పల్చన! మూరెడు ఎత్తు టోపీలాగా పళ్ళెంలో నిలబెట్టి తెస్తారు. దాని వెనక తినే పిల్లవాడు కనపడడు!

రొట్టెతోపాటు తే తారిక్ తాగాలి. ‘తే’ అంటే టీ, ‘తారిక్’ అంటే లాగటం. చిక్కని టీలో డబ్బాపాలు కలిపి, ఒక చేతిలోని లోటానుంచి మరొక చేతిలోని లోటాలోకి బారెడు ఎత్తునుంచి పోస్తారు. టీ తాడులాగా సాగుతుంది. మన కాఫీ హోటళ్ళలో తిరగబోసినట్టే గాని ఇంకా ఎత్తుగా పోస్తారు. ఇది వట్టి గారడీ కాదు. డబ్బాపాలు చిక్కన, బరువు. అవి అడుగున పేరుకోకుండా కలుస్తాయి. సన్నని ధారకు గాలి బాగా తగులుతుంది కనక టీ నాలుక కాలనంతగా చల్లారుతుంది. పాలలోని మాంసకృత్తులు గాలిబుడగల చుట్టూ పొరలాగా పట్టుకుంటాయి గనక పైన నురగ నిలుస్తుంది.

గుడ్డసంచీ కాఫీ

కాఫీ కావాలన్నవారు చీనావారి కోపితియాంలోకి రండి. ‘కోపి’ మలయా మాట, ‘తియాం’ చీనావారి హొక్కియన్ భాషలో కొట్టు. రెండు భాషలు కలిసి ఒక హోటలు అయినాయి. ఇటువంటి కొట్లు చాలా భాగం హైనాన్ దీవి చీనావారు పెట్టినవి. వాళ్ళు మిగతా చీనావారికన్న ఆలస్యంగా మలయా చేరారు. అప్పటికే మంచి వర్తకాలన్నీ ఇతరుల చేతుల్లో ఉన్నాయి. అందుచేత చాలామంది దొరల ఇళ్ళలో వంటవాళ్ళుగా కుదిరారు. తరవాత, నేర్చిన వంటతో సొంతంగా కాఫీకొట్లు పెట్టుకున్నారు.

ఇక్కడ కాఫీగింజలను పంచదార, వెన్నవంటి కొవ్వు వేసి నల్లగా వేయిస్తారు. పొడిని పొడుగాటి గుడ్డసంచీలో వేసి, మరిగేనీళ్ళు పోసి వడకడతారు. కాల్చిన రొట్టెముక్కల మధ్య ‘కాయా’ రాసి ఇస్తారు. కొబ్బరిపాలు, గుడ్లు, పంచదార కలిపి సన్నని సెగమీద ఉడికించిన జామే కాయా. దొరల ఇంటి రొట్టె, మలయా కొబ్బరి, చీనావాడి చెయ్యి, మూడూ ఒకే పళ్ళెంలో చేరాయి.

కావడి దిగింది

ఇక మధ్యాహ్నం. ఇప్పుడు తినబోయేది పెనాంగ్ ఊరికి పేరు తెచ్చిన వంట, నాసి కందర్. ‘కందర్’ అంటే కావడితో భుజాన మోయటం. నాసి కందర్ అంటే కావడి అన్నం!

పూర్వం తమిళ ముస్లిము ఒకడు తెల్లవారకముందే వండుకుని, ఒక బుట్టలో అన్నపు గిన్నె, మరొక బుట్టలో కూరల గిన్నెలు పెట్టి, మధ్య కర్రను భుజాన వేసుకుని బయలుదేరేవాడు. నేరుగా రేవుకు పోయేవాడు. ఓడలలోనుంచి మూటలు దించే కూలీలకు ఇంటికి పోయి తినే తీరిక లేదు. చాలామందికి వండిపెట్టే ఇల్లూ లేదు. భార్యాబిడ్డలు సముద్రం అవతల ఉండిపోయారు. అటువంటివాళ్ళ దగ్గరికి అన్నమే నడిచివచ్చేది. ఏ చెట్టునీడనో కావడి దింపేవాడు. కూలీలు చుట్టూ చేరేవాళ్ళు. వేడి అన్నం, పైన కూర. తినటం, మళ్ళీ మూట ఎత్తటం.

ఇప్పుడు కావడులు లేవు. కొట్లలో బారుగా గిన్నెలున్నాయి. చేపతల కూర, కోడికూర, బెండకాయలు, క్యాబేజీ, గుడ్లు, ఏది కావాలంటే అది చూపించవచ్చు. అడిగితే నాలుగైదు కూరల పులుసులు కలిపి అన్నం మీద పోస్తాడు. ఎక్కువ పొయ్యమనటానికి అక్కడివాళ్ళు “బంజిర్!” అంటారు. ‘బంజిర్’ అంటే వరద! అన్నం మునిగిపోవాలన్నమాట.

ఒక హెచ్చరిక. ఇక్కడ పళ్ళెం చూసి ధర చెబుతారు. పెద్ద రొయ్య, చేపతల పెట్టించుకుంటే ధర ఎక్కుతుంది. ముందుగా అడిగి పెట్టించుకోవటం తెలివైన పని.

మనవాళ్ళూ ఉన్నారు

రేవులో మూటలు మోసినవాళ్ళ సంగతి విన్నారు గదా. ఆ మూటల్లో చాలావాటిల్లో రబ్బరు ఉండేది. మరి ఆ రబ్బరు తోటల్లో చెట్లు గీసి పాలు పట్టినదెవరు? చాలావరకు దక్షిణ భారతదేశంనుంచి పోయిన కూలీలు. తమిళులు ఎక్కువ. కాని వారితోపాటు విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల తెలుగు కుటుంబాలూ పోయాయి. పెనాంగ్‌కు దక్షిణాన ఉన్న పెరాక్ రాష్ట్రంలో, బగాన్ దతుక్ అనే చోట కొబ్బరితోటల్లో తెలుగు మాట బాగా వినపడేది. నైపుణ్యం లేని కూలీలను మలయాకు తీసుకుపోవటాన్ని 1938లో భారత ప్రభుత్వం ఆపివేసింది. పోయినవాళ్ళలో చాలామంది అక్కడే ఉండిపోయారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పుడు మలేసియా తెలుగు సంఘం. మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది 1957 ఆగస్టు 31న. అంటే దేశానికి స్వాతంత్ర్యం రాకముందే మన భాషకు అక్కడ ఒక ఇల్లు ఏర్పడిందన్నమాట.

అందుచేత అక్కడి హోటలు పలక మీద ‘తోసై’ అని కనపడితే ఆశ్చర్యపోకండి. అది మన దోసె. ‘వడై’ మన వడ. కొట్టును ‘కెదాయ్’ అంటారు. అది తమిళపు ‘కడై’. పంచదారను ‘గులా’ అంటారు. అది సంస్కృతంలో బెల్లానికున్న ‘గుడ’ అనే మాటే. మనుషులు ఓడ దిగినప్పుడు మాటలు కూడా దిగాయి.

పులుపూ, తీపీ

ఎండ మండిపోతున్నది. మలేసియా భూమధ్యరేఖకు దగ్గర. ఏడాది పొడుగునా ఉక్కే. చల్లని చెందోల్ తాగుదాం. గిన్నెలో గీరిన మంచు, కొబ్బరిపాలు, చెట్టు నీరానుంచి కాచిన నల్లబెల్లం, ఎర్రచిక్కుడు గింజలు, పచ్చటి పిండిపురుగుల్లాంటి సేమ్యా ముక్కలు. పురుగులన్నానని భయపడకండి! అవి పిండితో చేసినవే. ఆ పచ్చరంగు పందాన్ ఆకు రసంది. పొద్దున అన్నంలో వాసన ఇచ్చినది అదే ఆకు.

చేపలు తినేవారు అసామ్ లక్సా రుచి చూడాలి. ‘అసామ్’ అంటే పులుపు. చింతపండు వేసి కాచిన చేపల పులుసులో బియ్యప్పిండి సేమ్యా వేసి, పైన పుదీనా, అనాసముక్కలు, ఉల్లిపాయ చల్లుతారు. మన గోదావరి వాళ్ళు దీన్ని చూస్తే ‘పులుసు మనదే, సేమ్యా మాత్రం చీనాది’ అంటారు. నిజం కూడా ఇంచుమించు అంతే.

పొద్దుకూకగానే బండ్ల దగ్గర మంటలు లేస్తాయి. పెద్ద ఇనపమూకుడులో చీనావాడు చార్ క్వే తియో వేయిస్తున్నాడు. వెడల్పాటి బియ్యప్పిండి పట్టీలు, మొలకెత్తిన పెసలు, రొయ్యలు, సముద్రపు గుల్లలు. బాగా కొవ్వు వేసి పెద్దమంట మీద రెండు నిమిషాల్లో దించుతాడు. రోజంతా ఒళ్ళు వంచి పనిచేసే కూలీలకూ, జాలరులకూ చవకగా బలం ఇచ్చే తిండి కావాలి. కొవ్వు ఒక గ్రాము నుంచి 9 కేలరీల శక్తి వస్తుంది, పిండినుంచి 4 మాత్రమే. ఇంత కొవ్వు ఎందుకు పోశారో తెలిసింది గదా? మూటలు మొయ్యని మనం మాత్రం రోజూ తినరాదు!

ఇంత చవక ఎలా?

రోతీ కోసోంగ్ ఒకటి 2 రింగిట్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. రింగిట్ అంటే మన డబ్బులో 20 రూపాయలకు కొంచెం అటూ ఇటూ అనుకోండి. పెద్ద హోటలులో ఒక్క పూట తినే డబ్బుతో ఇక్కడ ఇంటిల్లిపాదీ తినవచ్చు. దీనికి కారణాలు వినండి.

మొదటిది, ఒక బండి ఒకే వంట చేస్తుంది. ముప్ఫయి ఏళ్ళపాటు ఒకే వంట చేసేవాడికి చెయ్యి తిరుగుతుంది, సరుకు వృథా పోదు. రెండోది, కోపితియాం యజమాని కాఫీ, టీలు మాత్రం అమ్ముకుని, మిగిలిన చోటును నలుగురైదుగురు బండ్లవాళ్ళకు అద్దెకు ఇస్తాడు. బల్లలు అందరివీ. అందువల్ల ఎవరి ఖర్చూ ఎక్కువ కాదు. మూడోది, పల్చని గోడలు, ప్లాస్టిక్ కుర్చీలు. నాలుగోది మాత్రం కనపడదు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, రాత్రిదాకా పొయ్యి దగ్గర నిలబడే మనిషి కష్టం. చవక అన్నది ఊరికే రాదు పిల్లలూ, దాన్ని ఎవరో ఒకరు మోస్తూ ఉంటారు.

ధరలు పెరిగినప్పుడు మొదట దెబ్బతినేది కూలివాడి కడుపే. అందుకని 2023 జనవరిలో మలేసియా ప్రభుత్వం ‘మెను రహ్మా’ అని ఒక పథకం పెట్టింది. ‘రహ్మా’ అంటే దయ. ఇందులో చేరిన హోటళ్ళు 5 రింగిట్లు మించకుండా ఒక పూట భోజనం పెట్టాలి.

ఎవరి నియమం వారిది

ఈ దేశంలో మలయావారు ముస్లిములు. వారు పందిమాంసం ముట్టరు. హిందువులలోనూ, బౌద్ధులలోనూ చాలామంది ఆవుమాంసం తినరు. కొందరు అసలు మాంసమే తినరు. మరి ఇంతమంది ఒక ఊళ్ళో ఎలా కలిసి తింటారు?

దాపరికం లేకుండా తింటారు. ముస్లిములు తినదగిన తిండి అమ్మే చోట ‘హలాల్’ అన్న గుర్తు ఉంటుంది. చీనావారి బండి మీద పందిమాంసం ఉంటే ఆ సంగతి అందరికీ తెలుస్తుంది. శాకాహారం అమ్మే చీనా కొట్లూ ఉన్నాయి. ముస్లిము కొట్లోకి బయటినుంచి వేరే మాంసం పొట్లం తీసుకుపోవటం మర్యాద కాదు. మీకు తినకూడనిది ఏదైనా ఉంటే ముందే అడగవచ్చు. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. మామక్ కొట్లో మలయా, చీనా, తమిళ మిత్రులు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఎవరికి తగినది వారు తెప్పించుకుని, గంటల తరబడి కబుర్లు చెప్పుకుంటారు. కలిసి కూర్చోవటానికి అందరూ ఒకటే తినాలని ఎక్కడ ఉన్నది?

2024 డిసెంబరులో యునెస్కో మలేసియావారి ఉదయపు ఫలహారపు అలవాటును మానవజాతి వారసత్వంగా గుర్తించింది. నాసి లెమక్, రోతీ చనాయ్, తే తారిక్, మూడింటికీ అందులో చోటు దొరికింది. పొలం పొట్లానికీ, మామ రొట్టెకూ కోటలకిచ్చే గౌరవం ఇచ్చారన్నమాట!

రేపు వండేది ఎవరు?

గౌరవం వచ్చింది, బాగానే ఉన్నది. కాని బండి దగ్గర నిలబడినవాళ్ళను చూడండి. చాలామంది తలలు నెరిశాయి. బండి మీద సంపాదించిన డబ్బుతోనే పిల్లలను చదివించారు. ఆ పిల్లలు ఆఫీసులకు పోతున్నారు. అందులో తప్పేమీ లేదు. తన బిడ్డ పొయ్యి సెగ తినకూడదనే తండ్రి అంత కష్టపడ్డాడు. కాని ఆ చేతివాటం ఎవరికి అప్పగించాలి? పరదేశపు పనివాళ్ళు వండితే పాత రుచి పోతుందని పెనాంగ్ ప్రభుత్వం దిగులుపడింది. వీధి బండ్ల దగ్గర ముఖ్యమైన వంటవాడు స్థానికుడే కావాలని నియమం చేసి, 2016నుంచి అమలు పెట్టింది.

ఈ నియమం మంచిదేనా? ఆలోచించండి. పెనాంగ్ తిండి పరదేశంనుంచి వచ్చిన పనివాళ్ళు పెట్టినదే! తమిళ కావడివాడు ఒకనాడు పరదేశివాడే. హైనాన్ కాఫీవాడూ అంతే. ఇవాళ మామక్ కొట్లలో బల్లలు తుడిచేవాళ్ళలో మన దేశంనుంచీ, బంగ్లాదేశ్‌నుంచీ పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకూ ఇంటి దగ్గర బిడ్డలున్నారు. ఒకవైపు పాతరుచి నిలవాలి, మరొకవైపు కష్టపడి నేర్చినవాడికి చోటు దొరకాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళతో ఈ సంగతి మాట్లాడండి. వాళ్ళేమంటారో వినండి, మీరేమంటారో చెప్పండి.

చేసి చూడండి

నురగ సంగతి మీరే పరీక్షించవచ్చు. వేడి టీతో మాత్రం వద్దు, చేతులు కాలుతాయి. రెండు గ్లాసులు తీసుకోండి. మొదట చల్లని మంచినీళ్ళు ఒక దానిలోనుంచి మరొక దానిలోకి జానెడు ఎత్తునుంచి పదిసార్లు తిరగబొయ్యండి. బుడగలు వస్తాయి, వెంటనే పోతాయి. ఇప్పుడు చల్లారిన పాలతో అలాగే చెయ్యండి. నురగ ఎంతసేపు నిలిచిందో గడియారం చూసి లెక్కపెట్టండి. తరవాత ఆ పాలు తాగెయ్యండి, పారబొయ్యకండి!

ఇక ఒక లెక్క. మీ చేతిలో 10 రింగిట్లు ఉన్నాయి. రోతీ కోసోంగ్ 2, తే తారిక్ 2, నాసి లెమక్ పొట్లం 3 రింగిట్లు అనుకుందాం. సరిగ్గా 10 రింగిట్లూ ఖర్చు కావాలి, మూడు రకాలూ కనీసం ఒక్కొక్కటి కొనాలి. ఎన్ని విధాలుగా కొనవచ్చు?

చివరగా మీకొక పని. మీ ఊళ్ళో కూడా కష్టజీవుల కోసం పుట్టిన తిండి ఏదో ఒకటి ఉంటుంది. బస్సు స్టాండు దగ్గరో, మార్కెట్టు యార్డు దగ్గరో, పొలంగట్టునో. అది ఏమిటి, మొదట ఎవరికోసం వండారు, ఇప్పుడు వండేవారు ఎన్ని గంటలకు లేస్తారు? వాళ్ళకు తీరికైన వేళ చూసి, మర్యాదగా అడిగి తెలుసుకోండి. ఒక పేజీ మించకుండా రాసి మాకు పంపండి. బాగున్నవి ఈ పేజీలోనే వేస్తాం.

వచ్చే నెల మరొక దేశం పోదాం.